ప్రయాణసన్నాహములో మరచిన పాఠము

ఆషాఢము గడచి శ్రావణము ప్రవేశించునప్పటికి ఏలూరు, తాడేపల్లిగూడెము, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలోని అనేక గృహములలో ఒక మహాసన్నాహము సాగుచుండును. పొలమునో చేపల చెరువునో బ్యాంకునకు తాకట్టుపెట్టి ఋణము సంపాదించిన తండ్రి, ఆవకాయను గోంగూర పచ్చడిని నూనె కారకుండ పొరమీద పొరగా మూటగట్టు తల్లి, అమెరికానుండి విశ్వవిద్యాలయప్రవేశమును ధ్రువపరచు ఐ-20 పత్రము వచ్చిన నాటినుండి నిద్రపట్టని కుమారుడో కుమార్తెయో, వీరందరును కలిసి ఒక పట్టిక వ్రాసికొని, అందులోని ఒక్కొక్క పని తీరినవెంటనే దానిని కొట్టివేయుచుందురు. ఆ పట్టికలో కుక్కరు ఉండును. రెండవ జత కళ్లజోడు ఉండును. అక్కడ పంటివైద్యము ఖరీదైనదని ఎవరో చెప్పగా ముందుగనే చేయించుకొనవలసిన పంటి మరమ్మతు ఉండును. విశ్వవిద్యాలయము కోరిన తట్టు, గవదబిళ్లల టీకాలును క్షయపరీక్షయు ఉండును. ఇంత శ్రద్ధతో, ఇంత ప్రేమతో సిద్ధము చేయబడిన ఆ పట్టికలో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున మొట్టమొదటిసారి తన రాకపోకలకు తానే కర్తయు సాక్షియు కానున్న ఆ బిడ్డకు హెచ్.ఐ.వి.ని గూర్చి చెప్పవలసిన నాలుగు మాటలకు మాత్రము చోటు దొరకుట లేదు.

ఈ ప్రయాణికుల సంఖ్య స్వల్పమైనది కాదు. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికా విద్యాలయములలో చదువుచుండిన భారతీయులు 3,31,602 మంది; విదేశీ విద్యార్థుల సంఖ్యలో భారతదేశము చైనాను దాటి ప్రథమస్థానమునకు వచ్చినది ఆ సంవత్సరముననే. అందు తెలుగువారి పాలు ఎంత అధికమో ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాలలో వీధివీధినా వెలసిన కన్సల్టెన్సీల బోర్డులు చెప్పగలవు. వైద్యవిద్యకై రష్యాకు, జార్జియాకు, కిర్గిజ్‌స్థాన్‌కు, ఫిలిప్పీన్స్‌కు పోవువారు వేరు. అయితే వలసపోవుట యనగా సముద్రము దాటుట మాత్రమే యని తలచిన విషయము సగమే కనబడును. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొల్పబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (నిట్)లో సగము స్థానములు ఇతర రాష్ట్రముల పిల్లలవి. వెంకట్రామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమునకును, ఏలూరులోని వైద్యకళాశాలలకును దూరప్రాంతములనుండి విద్యార్థులు వచ్చుచున్నారు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి ముగియగనే పదునైదు పదునారేండ్ల పల్లెటూరి పిల్లలు ఇల్లు విడిచి ఆరేండ్ల చదువునకు చేరుచున్నారు. ఇక కొల్లేటి లంకలనుండి, గుడివాకలంకనుండియో శృంగవరప్పాడునుండియో, విజయవాడ కార్పొరేటు కళాశాల హాస్టలునకు వచ్చు బిడ్డ ప్రయాణదూరము కొద్ది మైళ్లే యైనను, ఆ బిడ్డ మార్చుకొనవలసివచ్చు లోకము సముద్రము దాటిన వాని లోకముకంటె తక్కువ కాదు. 2006లో కొల్లేటి అభయారణ్యపు హద్దులోని చేపల చెరువుల గట్లను తెగగొట్టిన పిమ్మట, పని వెదకుకొనుచు పరాయి ఊళ్లు పట్టిన కుటుంబములలో చదువుకొన్న మొదటి తరము వీరు. ఇట్టి సంగతులను ఇంటిలో అడిగి తెలిసికొనుటకు వీలుపడని వారును వీరే.

ఈ మౌనము ఎట్లు ఏర్పడినదో ఆలోచింపవలసియున్నది. ఏలననగా ఒకప్పుడు ఈ దేశములో ఇంత మౌనము లేదు. 1986లో మద్రాసులో డాక్టరు సునీతీ సాలమన్, ఆమె శిష్యురాలు నిర్మల కలిసి మన దేశమున ఈ వైరసు ఉనికిని మొదట కనుగొనినప్పుడు ఇది పరాయి దేశముల రోగమని పలువురు కొట్టివేసిరి. పదునైదేండ్లు గడచునప్పటికి కోస్తా జిల్లాలు, అందును ఉభయ గోదావరులు, దేశములో వ్యాధి ప్రాబల్యము అధికముగా నున్న ప్రాంతముల వరుసలో చేరినవి. కలకత్తా–మద్రాసు రహదారిపై నిలుచు లారీలు, పనులకై తిరుగు జనము, బయటికి చెప్పుకొనని సంబంధములు, పరీక్ష లేని రక్తము ఇందులకు దోహదము చేసినవి. ఆ కాలమున, 2000 దశకపు తొలి సంవత్సరములలో, రాష్ట్రములోని ప్రతి కూడలిలో పులిరాజాకు ఎయిడ్స్ వచ్చునా యని ప్రశ్నించు పెద్ద ఫలకములు వెలసినవి. ఎవరీ పులిరాజా యని టీ దుకాణములలో, బస్సులలో, కాలేజీ వరండాలలో జనము వాదించుకొన్నది. ఆ ప్రచారములో కొంత మోటుదనము ఉండెనని ఆనాడు ఆక్షేపించినవారు కలరు. నా అభిప్రాయములో ఆ మోటుదనము చేసిన మేలు మిక్కిలి గొప్పది, ఏలననగా తండ్రియు కొడుకును ఒకే బల్లపై కూర్చుండి ఆ రోగము పేరు బిగ్గరగా పలుకుటకు అది ఒక సాకు కల్పించినది.

పిమ్మట చికిత్స వచ్చినది. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి కేంద్రప్రభుత్వము వైరసును అణచు ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట ప్రారంభించినది. 2017నుండి వ్యాధి నిర్ధారణమైన ప్రతివారికి, రక్తకణముల లెక్కతో నిమిత్తము లేక, వెంటనే మందు మొదలుపెట్టు పద్ధతి వచ్చినది. 2010తో పోల్చిన 2023 నాటికి దేశములో కొత్తగా సోకువారి సంఖ్య 44 శాతము తగ్గినది. ఎయిడ్సు మరణములు 79 శాతము తగ్గినవి. ఇది మన వైద్యవ్యవస్థ సాధించిన మహత్కార్యములలో ఒకటి. కాని మరణములు తగ్గినకొలది మాటలును తగ్గినవి. ఫలకములు దిగిపోయినవి, పత్రికలలో ఈ వార్త ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1వ తేదీకి పరిమితమైనది, ఈ వ్యాధిపై అవగాహనకై కళాశాలలలో ఏర్పడిన రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఆనాడొక ర్యాలీ జరిపి, ఫోటో దిగి, మరుసటి డిసెంబరువరకు నిద్రించుచున్నవి. 2004 తరువాత పుట్టి ఈనాడు విమానమెక్కుచున్న తరము ఆ ఫలకములను చూడలేదు, ఆ భయమును ఎరుగదు. భయము స్థానమున రావలసిన జ్ఞానమును వారికి ఎవరును ఇవ్వలేదు. వ్యాధియో, తొలగిపోలేదు. 2021 అంచనాల ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వయోజనులలో ఈ వైరసుతో జీవించువారు నూటికి 0.67 మంది, దేశపు సగటు 0.21. ఈశాన్యమునందలి మిజోరము, నాగాలాండు, మణిపురముల తరువాత దేశములో ఇదే అధికము.

చదువుకొన్నవారికి ఇవన్నియు తెలియకుండునా యని సందేహింపవచ్చును. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదునుండి నలుబదితొమ్మిదేండ్ల వయస్సుగలవారిలో హెచ్.ఐ.వి.ని గూర్చి సమగ్రజ్ఞానము కలవారు స్త్రీలలో 21.6 శాతము, పురుషులలో 30.7 శాతము. ఆ సర్వేవారు సమగ్రమన్న జ్ఞానము ఏమంత గహనమైనది కాదు: క్రమము తప్పక కండోము వాడుటవలనను, వ్యాధిలేని ఒక్కరితోనే సంబంధము కలిగియుండుటవలనను రక్షణ కలుగునని తెలియుట, చూచుటకు ఆరోగ్యవంతుడుగా కనబడువానికి సయితము వైరసు ఉండవచ్చునని తెలియుట, ప్రచారములోనున్న రెండు అపోహలను త్రోసిపుచ్చగలుగుట. ఇంతమాత్రమును తెలిసినవారు పురుషులలో ముగ్గురికి ఒకరికంటె తక్కువ, స్త్రీలలో అయిదుగురికి రమారమి ఒకరు. ఇందు అత్యంత ప్రమాదకరమైన అజ్ఞానము, ఆరోగ్యవంతుడుగా కనబడువానిలోను వైరసు ఉండవచ్చునని ఎరుగకపోవుటయని నేను తలంతును. మన పిల్లల మనస్సులో ఎయిడ్సనగా పాత సినిమాలలో చూపిన ఎముకలగూడు. ఎదుట నిలిచినది నవ్వుమొగముగల సహాధ్యాయి యైనప్పుడు ఆ ఎముకలగూడు జ్ఞప్తికి రాదు. వైరసు శరీరములో ప్రవేశించిన పిమ్మట మందు లేకున్నను ఎనిమిది పదేండ్లు ఏ లక్షణమును పైకి తెలియకుండ గడచిపోవచ్చునను ఒక్క సత్యము బోధపడినయెడల, మనిషిని చూచి తీర్మానించు అలవాటు తనంతట తానే పోవును.

అపోహలలో మన ప్రాంతమునకు సహజమైనది దోమ. కొల్లేటి చుట్టుప్రక్కల సాయంకాలమైనచో దోమలు కుట్టని మనిషి ఉండడు. మలేరియా, డెంగ్యూ దోమవలన వచ్చునని బడిలో నేర్చిన బిడ్డ, రక్తముద్వారా సోకు ఈ వ్యాధియు దోమవలన రాదా యని అడిగినయెడల అది తెలివిగల ప్రశ్నయే. దానికి రాదని మాత్రము చెప్పి సరిపెట్టక, హేతువు చెప్పవలెను: దోమ కుట్టునప్పుడు తన లాలాజలమును లోపలికి పంపునుగాని తాను పూర్వము పీల్చిన రక్తమును పంపదు, ఈ వైరసు దోమ శరీరములో వృద్ధి చెందదు, జీర్ణమై నశించిపోవును. అట్లే కలిసి భుజించుటవలనను, ఒకే కంచము ఒకే స్నానపుగది వాడుటవలనను సోకదు. సోకు మార్గములు నాలుగే: రక్షణలేని లైంగికసంపర్కము, వైరసు గల రక్తము ఎక్కుట, ఒకరు వాడిన సూది మరియొకరు వాడుట, తల్లినుండి గర్భమునందో ప్రసవమునందో చనుబాలద్వారానో బిడ్డకు సోకుట. సూదిని గూర్చి పల్లెలవారు మరింత జాగరూకులై యుండవలెను. 2018లో ఉత్తరప్రదేశములోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మావు ప్రాంతమున అర్హతలేని వైద్యుడొకడు ఒకే సూదిని పలువురికి గుచ్చుటవలన పదులకొలది గ్రామీణులు ఈ వ్యాధి పాలైరని వెల్లడియైనది.

ఇక వలస విద్యార్థి స్థితిలోని విశేషమును చూతము. మన ఇంటర్మీడియట్ చదువు బాలురకు బాలికలకు వేరువేరు హాస్టళ్లలో, తెల్లవారుజామున మొదలై రాత్రివరకు సాగు స్టడీ అవర్లలో, ఒకరినొకరు చూచి మాటలాడుటయే నేరమను వాతావరణములో జరుగును. ఆ నాలుగు గోడలనుండి బయటపడిన యువకుడు అయిదారేండ్లు గడువకముందే టెక్సాసులోనో మిస్సోరీలోనో నలుగురు రూమ్మేట్లతో ఒక అద్దె ఇంట, అడుగువారెవరును లేని స్వేచ్ఛలో పడును. పగలు తరగతులు, రాత్రి చిల్లరపని, నెలనెలా పెరుగుచుండు అప్పువడ్డీ, పండుగనాడు వీడియోలో కనబడు అమ్మ ముఖము, ఇవి కలిగించు ఒంటరితనము సామాన్యమైనది కాదు. ఒంటరితనము సాన్నిహిత్యమును వెదకుట మానవస్వభావము. అందు పాపమేమియు లేదు. చెడు సావాసము పట్టినవారికే ఈ రోగము వచ్చునని పెద్దలు చెప్పిపెట్టిన మాట ఇచట మిక్కిలి హాని చేయును. ఏలననగా ప్రతి యువకుడును తాను మంచివాడననియే తలచును, తాను ప్రేమించినవారు అంతకంటె మంచివారని తలచును, కావున తమ ఇరువురకు రక్షణతో పనిలేదని తీర్మానించును. వైరసు స్వభావమును చూడదు, శరీరమునే చూచును. పురుషులయెడల ఆకర్షణగల యువకుని స్థితి ఇంకను కఠినమైనది. 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు అతనిపైనుండి నేరస్థుడను ముద్రను తొలగించినను, ఇంటిలో అతనికి నోరు విప్పు స్వాతంత్ర్యము లభింపలేదు. కనుక తన ప్రశ్నలను అతడు దేశాంతరమునకు మోసికొనిపోవును, సమాధానములను అపరిచితులనుండి నేర్చుకొనును. అమెరికాలో ఏటేట కొత్తగా గుర్తింపబడు హెచ్.ఐ.వి. కేసులలో దాదాపు అయిదింట ఒకటి పదుమూడునుండి ఇరువదినాలుగేండ్ల వయస్సు వారిది. మన పిల్లలు ప్రవేశించుచున్నది ఆ వయోవర్గములోనికే.

స్వదేశములో సంచరించు విద్యార్థిని గూర్చి చెప్పునప్పుడు త్రిపుర ఉదంతమును స్మరింపక తప్పదు. 2024 జూలైలో ఆ రాష్ట్రమున 828 మంది విద్యార్థులకు హెచ్.ఐ.వి. సోకినదనియు, వారిలో 47 మంది మరణించిరనియు వార్త వెలువడగా, ఒక్క ఏడాదిలోనే ఇంత ఉపద్రవము సంభవించినట్లు దేశమంతయు కలవరపడినది. అవి 2007 ఏప్రిల్‌నుండి 2024 మేవరకు నమోదైన మొత్తము సంఖ్యలని ప్రభుత్వము తరువాత వివరించినది. అధికసంఖ్యాకులు సూదిద్వారా మత్తుమందు ఎక్కించుకొనువారనియు, పలువురు పైచదువులకై ఇతర రాష్ట్రములకు వెళ్లియున్నారనియు ఆ ప్రకటనలవలననే తెలిసినది. ఈ కడపటి వాక్యము చదివి, ఈశాన్యమునుండి వచ్చిన పిల్లవానిని తన హాస్టలులో అనుమానదృష్టితో చూచువాడు ఉండిన, అతడు ఆ వార్తనుండి తప్పు పాఠము నేర్చినవాడగును. వ్యాధి పుట్టిన ఊరినిబట్టి రాదు. గుంటూరులోనో తాడేపల్లిగూడెములోనో పుట్టినవాడు తోటివాని సూది వాడిన అతనికిని అంతే ప్రమాదము. ఆ వార్త నేర్పవలసిన పాఠము వేరొకటి కలదు: చదువుకొరకు ఊరు మారినవాడు చికిత్సకును ఊరు మారగలుగవలెను, వచ్చిన ఊరిలో అతనికి మందు ఎచట దొరకునో చెప్పు మనిషి ఒకడు కళాశాలలో ఉండవలెను.

పరీక్ష చేయించుకొనుటకు మన పిల్లలు వెనుదీయుటకు గల ముఖ్యకారణము సిగ్గు అని అందరును తలతురు. సిగ్గు నిజమే; దానికంటె బలమైనది వీసాభయము. ఈ భయమునకు చరిత్ర కలదు. గోదావరి జిల్లాలనుండి కువైటునకు, దుబాయికి, మస్కటునకు పోయిన స్త్రీపురుషులు వేలకొలది; వారందరును ప్రయాణమునకు ముందు మెడికల్ పరీక్షకు నిలిచి, అందులో ఈ వైరసు కనబడినచో అన్‌ఫిట్ అను ముద్రతో వెనుదిరుగవలసినవారు; గల్ఫునకు చేరిన తరువాత బయటపడినచో తిరుగు విమానమెక్కవలసినవారు. ఆ జ్ఞాపకము కుటుంబములలో నిలిచిపోయినది. పిన్నమ్మ గల్ఫు కథను విని పెరిగిన పిల్లవాడు అమెరికాలోను అట్లే జరుగునని నమ్మి, అనుమానము కలిగినను పరీక్షకు పోడు. అమెరికాకును అట్టి చట్టము ఉండిన మాట వాస్తవము: 1987లో హెచ్.ఐ.వి. కలవారి ప్రవేశము నిషేధింపబడినది, 1993లో ఆ నిషేధము శాసనములోనికి ఎక్కినది. కాని 2008లో కాంగ్రెసు దానిని తొలగించినది. 2010 జనవరి 4వ తేదీనుండి ఆ నిషేధము పూర్తిగా రద్దైనది. ఈనాడు అమెరికాలో విద్యార్థికి వైరసు ఉన్నదని తేలినంతమాత్రమున అతని వీసా పోదు. ఇంగ్లండులో 2012 అక్టోబరునుండి ఈ వ్యాధికి చికిత్స, వలసస్థితితో నిమిత్తము లేక, అందరికి ఉచితము. రష్యాలో పరిస్థితి భిన్నమైనది. మూడు మాసములకు మించి ఉండదలచిన విదేశీయుడు వైరసు లేదను ధ్రువపత్రము చూపవలెనని అచటి 1995 నాటి చట్టము శాసించుచున్నది. వైద్యవిద్యకై అచటికి పోవు పిల్లవాడు ఈ సంగతిని ప్రయాణమునకు ముందే ఎరిగియుండవలెను. ఒక్కొక్క దేశపు నియమము ఒక్కొక్క విధమున నుండగా, అన్నిటిని గల్ఫు కొలతతో కొలిచి భయపడుట చికిత్సను దూరము చేయుచున్నది.

అమెరికాలో పదుమూడునుండి అరువదినాలుగేండ్ల వయస్సుగల ప్రతివారికి ఒకసారియైనను ఈ పరీక్ష చేయవలెనని అచటి వ్యాధినియంత్రణ సంస్థ 2006లోనే సూచించినది. కనుక జ్వరమని విశ్వవిద్యాలయపు వైద్యశాలకు పోయిన మన విద్యార్థిని హెచ్.ఐ.వి. పరీక్ష చేయమందురా యని వైద్యుడు అడుగుట అచట సర్వసాధారణము. ఆ ప్రశ్నలో తన శీలమును శంకించుట కలదని తలచి, వద్దని తలయూపి వచ్చు పిల్లలు కలరు. అది రక్తపోటు చూచుటవంటి మర్యాదయని వారికి ఇచటనే చెప్పియుండిన ఆ క్షణము వృథా కాకుండెడిది.

విజ్ఞానము ఎంతదూరము వచ్చినదో తెలిసిన భయము సగము తీరును. ప్రమాదము జరిగినదని తోచిన వెంటనే, డెబ్బదిరెండు గంటలలోపల మొదలుపెట్టి ఇరువదియెనిమిది దినములు వాడిన, వైరసు శరీరములో పాతుకొనకుండ చాలమట్టుకు నివారింపగల మందు కలదు. ఇది తెలియక మూడు దినములు ఏడ్చుచు కూర్చుండి నాలుగవ దినమున వైద్యుని చూచినవాడు ఆ అవకాశమును కోల్పోవును. ముందుజాగ్రత్తగా వాడు మాత్రను అమెరికా ప్రభుత్వము 2012లోనే ఆమోదించినది. సోకినవాడు క్రమముగా మందు వాడి, రక్తములో వైరసు పరీక్షకు అందనంత స్వల్పమైన స్థితిని నిలుపుకొన్నచో, లైంగికసంపర్కముద్వారా అతనినుండి మరియొకరికి సోకదని పెద్ద పరిశోధనలు నిరూపించినవి. పరీక్షను గూర్చి ఒక సూక్ష్మము: సోకిన మరునాడే పరీక్షలో తెలియదు, పరీక్షవిధమునుబట్టి కొన్ని వారములనుండి మూడు మాసములవరకు పట్టును, కనుక మొదటి పరీక్షలో లేదని వచ్చినను వైద్యుడు చెప్పిన గడువున మరల చేయించుకొనవలెను. ఈ మందులలో అధికభాగమును చౌకధరకు తయారుచేసి ఆఫ్రికా ఖండమునకు ప్రాణదానము చేసినవి భారతదేశపు కర్మాగారములు. వానిలో ముఖ్యమైనవి కొన్ని హైదరాబాదులోనివి. తెలుగు కార్మికుల చేతులమీదుగా లోకమంతటికి పోవు మాత్ర పేరు తెలుగు విద్యార్థికి తెలియకపోవుట నన్ను మిక్కిలి బాధించు విషయము.

కర్తవ్యమును గూర్చి నేను ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. అదియు కొత్త నిధులు కోరునది కాదు. విదేశమునకు పోవు ప్రతి విద్యార్థియు టీకాలకొరకు ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో భీమవరములోనో ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కవలసినదే. సూది వేసి కాగితముపై సంతకము చేయు ఆ పదినిమిషములకు మరి ఇరువది నిమిషములు చేర్చి, తల్లిదండ్రులను వెలుపల కూర్చుండబెట్టి, ఆ బిడ్డతో తెలుగులో, గుసగుసలు లేక, నీతిబోధ లేక, వ్యాధి సోకు నాలుగు మార్గములను, కండోము వాడు విధమును, డెబ్బదిరెండు గంటల మందును, తాను పోవు దేశపు వీసా నియమమును చెప్పవలెను. ఆడపిల్లలకు స్త్రీ వైద్యురాలో నర్సో చెప్పుట మేలు. సర్వే అంకెలను చూచిన, వారికే ఈ మాటలు తక్కువగా అందుచున్నవి, శరీరనిర్మాణముచేత సోకు అవకాశమో వారికే అధికము. ప్రభుత్వాసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో ఉచితముగా, రహస్యముగా పరీక్షించి సలహా ఇచ్చు కౌన్సెలర్లు ఇప్పటికే కలరు. 1097 అను సంఖ్యకు ఫోను చేసిన పైసా ఖర్చు లేకుండ సమాధానము లభించును. వీరిని విద్యార్థివద్దకు చేర్చుటయే జరుగవలసినది. ఐఈఎల్‌టీఎస్‌లో మార్కులు వచ్చు చిట్కాలు చెప్పుటకు రోజంతయు సభలు జరుపు కన్సల్టెన్సీలు ఒక గంటను ఇందులకు కేటాయింపలేవా? రెడ్ రిబ్బన్ క్లబ్బులు ర్యాలీలు మాని, చివరి సంవత్సరపు విద్యార్థులకు, ప్రశ్నను పేరు లేని చీటీపై వ్రాసి వేయుటకు ఒక పెట్టెను ఏర్పరచి, నెలకొకసారి వైద్యుని పిలిచి ఆ చీటీలకు జవాబు చెప్పించినచో, ఒక్క సంవత్సరములో పది ర్యాలీల పని జరుగును. ఇతర రాష్ట్రములనుండి ఇచటికి వచ్చు విద్యార్థులకు ఈ మాట హిందీలో, ఇంగ్లీషులో చెప్పగలవారు కావలెను. నిట్‌వంటి సంస్థలో అట్టి సీనియరు విద్యార్థులకు కొదువ లేదు.

చదువు ముగిసి మూడు వారముల సెలవుపై వచ్చి, ఆ మూడు వారములలోనే పెండ్లి చేసికొని తిరిగిపోవు యువకుల విషయమున ఇరుపక్షములవారును జాతకములతోపాటు వైద్యపరీక్షాఫలితములను మార్చుకొనుట వాంఛనీయమని సూచించుటకు నేను జంకను. అది బలవంతముగాక ఉభయుల ఇష్టముతో, ఉభయులకును సమానముగా జరుగవలెను.

ఇంతవరకు సోకనివారిని గూర్చి చెప్పితిని. సోకి జన్మించినవారు కలరు. తల్లినుండి బిడ్డకు సోకకుండ మందిచ్చు పద్ధతి మన జిల్లాలలో పూర్తిగా వ్యాపింపకముందు, 2000 దశకములో పుట్టిన పిల్లలలో కొందరు వైరసుతోనే పుట్టిరి. 2006లో పిల్లలకు ప్రత్యేకముగా ఏ.ఆర్.టి. చికిత్స ఆరంభమైనందున బ్రతికిరి, పెరిగిరి, చదివిరి. ఈనాడు వారు ఇంజనీరింగు చదువుచున్నారు, నర్సింగు చదువుచున్నారు. వారిలో పలువురు తల్లినో తండ్రినో ఇద్దరినో పోగొట్టుకొని, అమ్మమ్మ చేతిలో పెరిగినవారు. వీరిని చూచి జాలిపడుట తప్పు; ఇంత భారమును మోయుచు పరీక్షలలో కృతార్థులైన ఈ పిల్లలు మన గౌరవమునకు పాత్రులు. హాస్టలులో చేరిన దినమునుండి వీరికి ఒకటే బాధ: ప్రతిరాత్రి వేసికొనవలసిన ఆ ఒక్క మాత్రను ఎవరి కంట పడకుండ ఎచట దాచవలెను? విటమిను సీసాలోనికి మార్చి దాచువారు కలరు. పెట్టె తెరచునప్పుడు ఎవరైన చూతురేమోయని మాత్ర మానివేయువారును కలరు. మానివేసిన మాత్ర వైరసునకు బలమిచ్చును, మందునకు లొంగని వైరసును పుట్టించును.

2017లో పార్లమెంటు చేసి 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ఈ పిల్లలకు దృఢమైన హక్కులను ఇచ్చినది. విద్యాలయములో చేరుటకు ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు. వైరసు ఉన్నదని సీటు నిరాకరింపరాదు, వేరుగా కూర్చుండబెట్టరాదు, వేరు గది ఇచ్చి వెలివేయరాదు. అతని అనుమతి లేక అతని స్థితిని ఇతరులకు వెల్లడింపరాదు. వార్డెనులలో ఈ చట్టమును చదివినవారు ఎందరుందురు? ప్రతి హాస్టలులో ప్రతి విద్యార్థికి తాళము వేసికొను చిన్న అర ఒకటి ఇచ్చిన, ఎవరిని ప్రత్యేకముగా గుర్తింపనవసరము లేకుండనే, ఈ పిల్లలు ఏ భయము లేక తమ మందును దాచుకొనగలరు. తాళపు అర ఖరీదు వందలలో ఉండును.

వీరిలో విదేశమునకు పోదలచినవారును కలరు; పోవచ్చునని వారికి చెప్పువారే లేరు. ఈనాడు మన ప్రభుత్వ కేంద్రములలో ఇచ్చు టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రవిర్ కలిసిన మాత్రలోని మందులు అమెరికాలోను, ఐరోపాలోను వాడుకలోనున్నవే. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రమునుండి చికిత్సావివరములతో కూడిన బదిలీపత్రమును, చివరి వైరల్ లోడ్ పరీక్షాఫలితమును, మొదటి నెలలకు సరిపడు మందును వెంటబెట్టుకొని, చేరిన వారములోనే విశ్వవిద్యాలయపు వైద్యశాలలో పేరు నమోదు చేయించుకొన్నచో చికిత్స ఒక దినమైన ఆగనవసరము లేదు. ఆరోగ్యబీమాను ఎన్నుకొనునప్పుడు, పూర్వమునుండి ఉన్న వ్యాధులను ఆ పాలసీ మినహాయించుచున్నదా లేదాయని చదివి చూచుకొనవలెను. చౌకయని మన పిల్లలు కొను విద్యార్థి పాలసీలలో కొన్ని మినహాయించును, విశ్వవిద్యాలయము తానే ఇచ్చు పాలసీలు సాధారణముగా మినహాయింపవు. ఈ భేదమును చెప్పవలసిన బాధ్యత కన్సల్టెన్సీది, ఆ కాగితములను సకాలమున సిద్ధముచేసి ఇవ్వవలసిన బాధ్యత ఏ.ఆర్.టి. కేంద్రముది, విమానము టిక్కెట్టు కొనుటకు ఒక మాసము ముందుగనే ఈ రెండు పనులును పూర్తి కావలెను.